మా మేనత్తా, అల్యూమినియం కరిగే వేడీ

మొన్న డిసెంబరులో మా తమ్ముడి కూతురు, నువ్వు ఉద్యోగం చేసిన ఊరు చూపిస్తానన్నావు కదా అత్తా అని పట్టుబట్టి నన్ను అరకు తీసుకెళ్ళింది. తెల్లారి లేచి తలకి రాసుకుందామని చూస్తే కొబ్బరినూనె సీసాలో రాయిలా గడ్డకట్టుకుపోయి ఉంది. అలవాటు ఎక్కడికి పోతుంది, నా చెయ్యి దానంతటదే మంచం మీద తెరిచి ఉన్న పిల్ల ల్యాప్‌టాపు వైపు వెళ్ళింది. సీసా ఎక్కడ నిలబెడదామా అని చూస్తే దానికి వీపూ లేదు, పొట్టా లేదు, ముట్టుకుంటే నా చేతికంటే చల్లగా ఉంది. నూనె సీసా పట్టుకుని కంప్యూటరు చుట్టూ ప్రదక్షిణం చేస్తున్న అత్తని చూసి పిల్ల కంగారుపడి, నాకు మతి తప్పుతోందేమోనని వాళ్ళ నాన్నకి ఫోను చెయ్యబోయింది. మతి తప్పలేదమ్మా, మా రోజుల్లో కంప్యూటరంటే కుంపటి కూడానూ అని కూర్చోబెట్టి చెప్పడం మొదలుపెట్టాను గానీ, సగంలో ఉండగా దానికేదో మీటింగు వచ్చింది. మిగతాది మీకు చెప్పుకుంటాను. ముందుకి పొట్ట పెంచుకున్న ఆ పాత మానిటర్లు చూసినవాళ్ళైతేనే నా మాట నమ్ముతారు.

మాది పార్వతీపురం. మార్కెట్టు వీధిలో మా నాన్నకి ఎరువుల కొట్టుండేది. ఫిజిక్సులో ఎమ్మెస్సీ అయ్యాక నాకు అరకు దగ్గర ఒక చిన్న కాలేజీలో తాత్కాలిక లెక్చరరు ఉద్యోగం వచ్చింది. పెళ్ళికాని పిల్ల కొండ మీద ఒంటరిగా ఎలా ఉంటుందని ఇంట్లో పెద్ద చర్చ జరిగి, చివరికి మా మేనత్తని నాకు తోడిచ్చి పంపారు. చిన్న వయసులోనే భర్త పోయి పుట్టింటికి వచ్చేసిన మనిషి ఆవిడ. నాకు తెలివి వచ్చేసరికే మా అమ్మ వంటింట్లో ఓ మూల కత్తిపీట ముందు కూర్చుని ఉండేది. కూరలు తరగడం, బియ్యం ఏరడం వరకే ఆవిడ హక్కు. పోపు పెట్టే అధికారం మాత్రం మా అమ్మది, అందులో రాజీ లేదు. అలాంటిది అరకులో మా రెండు గదుల అద్దె ఇంట్లో దిగిన రోజు, సామాను విప్పకుండానే స్టవ్వు వెలిగించి ఎన్నో ఏళ్ళ కోరిక తీరేలా ఎండుమిరపకాయలతో పోపు పెట్టింది. ఆ ఘాటుకి వీధి వీధంతా తుమ్మింది. పక్కింటి అక్క, కాఫీ తోటలున్న కొండ మనిషి, ఏమైందో చూద్దామని కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని పరిగెత్తుకొచ్చింది. ఆ రోజు నుంచి వాళ్ళిద్దరూ స్నేహితులు.

ఉద్యోగం పర్మనెంటు కావాలంటే డాక్టరేటు ఉండాలన్నారు. నాది పార్టుటైము పరిశోధన. మా గైడుగారు విశాఖలో ప్రొఫెసరు, టై లేకుండా నేనెప్పుడూ చూడలేదు. ఆయనకి ఆ వేసవి చివర రిటైర్మెంటు. ఆలోపు థీసిస్ ఇస్తే సరేసరి, లేకపోతే నన్ను ఇంకెవరూ తీసుకోరు, రిజిస్ట్రేషను పోతుంది, దాంతోపాటు ఉద్యోగమూ పోతుంది. మా నాన్న ఎందుకైనా మంచిదని కొట్లో గల్లాపెట్టె పక్కన నాకో కుర్చీ కూడా చేయించి ఉంచారు. అంటే నేను ఎరువుల కొట్టుకి, మేనత్త మళ్ళీ కత్తిపీటకి. పైకి అనేది కాదు గానీ, నాకంటే ఆవిడకే బెంగ ఎక్కువగా ఉండేది. పోపు పెడుతూ పెడుతూ ఆగి, నీ సదువు ఎంతవరకు వచ్చిందే గుంటా అని అడిగేది. మా వైపు ఆడపిల్లని గుంట అంటారు.

నా పరిశోధన సంగతి ఎత్తితే పెళ్ళిళ్ళలో జనం కుర్చీ మార్చుకుని కూర్చునేవారు. మీరు మాత్రం ఒక్క నిమిషం ఓర్చుకోండి. ఒక లోహపు స్ఫటికాన్ని కంప్యూటరులో అణువు అణువుగా కట్టి, ఏ అణువు పక్కదాన్ని ఎంత లాగుతుందో ఎంత తోస్తుందో లెక్కగట్టి, కొంచెం కొంచెంగా వేడి పెంచుతూ, అది ఘనం నుంచి ద్రవంగా ఎక్కడ మారుతుందో చూడాలి. చేతులు పట్టుకుని వరసలో నిలబడటంలో ఒక సుఖం ఉంది, చెయ్యి విదిలించుకుని ఇష్టమొచ్చినట్టు తిరగడంలో ఇంకో సుఖం ఉంది. చల్లగా ఉన్నంతసేపు అణువులకి మొదటిదే బాగుంటుంది, వేడెక్కేకొద్దీ రెండోదాని మీదికి మనసు పోతుంది. రెండూ సరిసమానంగా తూగే వేడి ఏదో అదే కరిగే వేడి. ఉష్ణగతిక శాస్త్రమని అంత పేరు పెట్టుకుని ఘన ద్రవ ప్రావస్థల గురించి చెప్పేది మొత్తానికి ఇంతే. అరకు కొండల్లో బాక్సైటు ఉంది, బాక్సైటు నుంచి అల్యూమినియం వస్తుంది, కనుక నీకు అల్యూమినియం తీసుకో అన్నారు గైడుగారు. ఆయన దృష్టిలో అది నాకు స్థానిక సమస్య.

డిపార్టుమెంటు వాళ్ళు పక్కన పడేసిన ఒక కంప్యూటరుని ఆయనే ఇప్పించారు. దాన్ని రైల్లో, అన్ని సొరంగాలూ దాటించి కొండెక్కించాం. మానిటరుకి బొంత చుట్టి, కిటికీ పక్కన సీటిచ్చి, మేనత్త నిలబడి ప్రయాణం చేసింది. టిక్కెట్టు కలెక్టరు ఆ బొంత లోపల ఎవరని అడిగితే మా గుంట సదువు బాబూ అంది.

ఇక చలికాలం వచ్చింది. రాత్రింబవళ్ళు లెక్కలు నడుస్తుంటే మానిటరు వీపు వెచ్చగా ఉండేది. అది ముందు కనిపెట్టింది మేనత్త. గడ్డకట్టిన కొబ్బరినూనె సీసా తెచ్చి దాని మీద పెట్టింది, నేను కాలేజీకి తయారయ్యేలోపు నూనె కరిగింది. ఆ సంగతి పక్కింటి అక్కకి చెప్పడం, ఆవిడ వీధికి చెప్పడం ఎంతసేపు, వారం తిరక్కుండా మా ఇంటికి పొద్దున్నే ఆడవాళ్ళు సీసాలతో రావడం మొదలైంది. ఎవరి సీసా ఎవరిదో తెలియడానికి మూతలకి రంగు దారాలు కట్టుకునేవారు. నేనేమో లోపల అల్యూమినియం కరగడం లేదని జుట్టు పీక్కుంటున్నాను, పైన మాత్రం వీధిలో వాళ్ళందరి నూనే కరిగిపోతోంది. సగం గడ్డ, సగం నూనెగా ఉన్న సీసాలు రోజూ నా కళ్ళెదుటే ఉన్నా నా బుర్రకి ఏమీ ఎక్కలేదని కూడా ఇక్కడే చెప్పేస్తున్నాను.

అంతటితో ఆగినా బాగుండేది. చలి ముదిరిన ఒక రోజు నేను కాలేజీ నుంచి వచ్చేసరికి కంప్యూటరు మొత్తానికి మేనత్త మందపాటి రగ్గు కప్పేసి, గాలి దూరకుండా అంచులు కింద దోపేసి ఉంచింది. మా వీధిలో దూడలకి గోనెపట్టాలు కప్పుతారు, అది చూసి వచ్చిన ఆలోచన. లోపల మిషను ఉడికిపోయి ఆగిపోయింది, కొన్ని రోజుల లెక్క గాలికి పోయింది. నేను ఇల్లు ఎగిరిపోయేలా అరిచాను. ఆవిడ ఏమాత్రం తగ్గలేదు. "మనిసికే ఇంత సలేత్తంటే పెట్టెకి ఎయ్యదేటి? మంచికి పోతే తిడతావేటే!" అని మూతి ముడుచుకుని, ఆ పూట పోపు లేని పప్పు పెట్టింది. ఆవిడ కోపానికి అది ఆఖరి మెట్టు.

అసలు గొడవ వేరే. పుస్తకాల ప్రకారం అల్యూమినియం ఆరువందల అరవై డిగ్రీల దగ్గర కరగాలి. నా పెట్టెలో కరగదు. ఏడువందలు దాటిస్తాను, కదలదు. అణువులు ఉన్నచోటే గజగజా వణుకుతాయి గానీ వరస తప్పవు. ఎనిమిదివందలు దాటాక ఎక్కడో ఒక్కసారిగా మొత్తం కుప్పకూలుతుంది. పోనీ అని ఆ ద్రవాన్ని చల్లారిస్తే అదింకా మొండిది, గడ్డకట్టాల్సిన వేడికి ఎంత కిందికి దింపినా గడ్డకట్టదు. ఎక్కేటప్పుడు ఒక అంకె, దిగేటప్పుడు ఒక అంకె, అసలుది మాత్రం రెంటి మధ్యా ఎక్కడో దాక్కుంది. ఎస్టీడీ బూతు నుంచి గైడుగారికి ఫోను చేస్తే, అణువుల మధ్య బలాలు మళ్ళీ చూసుకోమని చెప్పి, చివర్లో, వేసవి దగ్గర పడుతోందమ్మా అన్నారు. ఇంటికొచ్చి మొహం వేలాడేసుకుని కూర్చుంటే మేనత్త సంగతి మొత్తం కక్కించి, ఆశ్చర్యపోయింది. "సత్తు గిన్నె పొయ్యి మీద ఒగ్గీసి గుడికెల్తే, తిరిగొచ్చేతలికి కరిగి కూకుంటాది. నీ పెట్టెలో కరగడానికి దానికేటి రోగమే?" అంది. సత్తు అంటే అల్యూమినియమే మరి.

మాఘమాసంలో పక్కింటి అక్క చెల్లెలి పెళ్ళి. కొండ మీద వాళ్ళ ఊరికి మమ్మల్ని జీపులో తీసుకెళ్ళింది. భోజనాలయ్యాక మధ్యాహ్నం ఎండలో థింసా మొదలైంది. చూడనివాళ్ళకి చెప్తున్నాను, ఆడవాళ్ళంతా ఒకరి వెనక నుంచి ఒకరు చేతులు పోనిచ్చి నడుములు పట్టుకుని ఒకే వరసగా అడుగులేస్తారు, మగవాళ్ళు డప్పులూ తుడుములూ వాయిస్తారు. డప్పు జోరు పెరిగేకొద్దీ అడుగు జోరు పెరుగుతుంది. దూరంగా కూర్చుని చూసే ఉద్దేశంతోనే వెళ్ళింది మేనత్త. అక్క ఊరుకుంటుందా, లాక్కెళ్ళి ఇద్దరు దిట్టమైన పిల్లల మధ్య ఇరికించింది. కాసేపటికి వరస ముందున్నావిడ గుండ్రంగా తిరిగి వచ్చి చిట్టచివరి పిల్ల నడుము పట్టుకుంది. వరస కాస్తా వలయమైపోయింది. డప్పులు జోరందుకున్నాయి.

మా మేనత్త ఒళ్ళు కొంచెం భారీ. నాలుగు అడుగులకే ఆయాసం, చెమట, కొప్పు ఊడింది. అయినా బయటికి రావడానికి లేదు. అటూ ఇటూ నడుము పట్టేసి ఉన్నారు, వాళ్ళని వాళ్ళ పక్కవాళ్ళు పట్టేసి ఉన్నారు. "ఓలమ్మో, ఒగ్గండే! ఒగ్గండర్రా నన్ను! నా నడుం ఇరిగిపోనాది!" అని కేకలు. డప్పుల్లో ఎవరికి వినబడతాయి? అందరికీ అలుపుగానే ఉంది, అందరూ ఉన్నచోటే ఊగిపోతున్నారు, ఒక్కరూ వరస తప్పడం లేదు. నేను నవ్వలేక చచ్చిపోతున్నాను. అంతలో ముందున్నావిడ చెయ్యి వదిలింది. వలయం తెగి మళ్ళీ వరస అయింది. డప్పు జోరు ఏమీ తగ్గలేదు, అదే జోరు. కానీ చివర ఉన్న పిల్ల చటుక్కున ఊడి బయటపడింది, తర్వాత దాని పక్కది, తర్వాత మా మేనత్త. వచ్చి ధబ్బున నా పక్కన కూలబడి మంచినీళ్ళడిగింది.

నా నవ్వు ఆగిపోయింది. నా పెట్టెలో అణువులకి చివర లేదు! మేం కట్టే లెక్కలో కుడివైపు నుంచి బయటికి పోయిన అణువు ఎడమవైపు నుంచి లోపలికి వచ్చేస్తుంది, గోడలు లేకుండా ఉండటానికి అదొక ఏర్పాటు. అంటే నేను కట్టింది వలయం. ఎంత ఉడికినా ఎవరూ ఊడరు, ఊడితే అందరూ ఒక్కసారే కూలాలి. అసలు లోహానికైతే అంచు ఉంటుంది, అంచునుంచి ఒకటొకటిగా కరుగుతుంది. మరి నేనెందుకు సగం పెట్టెలో ఘనం, సగం పెట్టెలో ద్రవం పెట్టి, ఆ రెండింటికీ నడుమ అంచు ఇవ్వకూడదు?

వరస ఇంకా ఆడుతూనే ఉంది. డప్పు జోరుగా ఉన్నప్పుడు చివర నుంచి మనుషులు ఊడిపోతున్నారు. వాయించేవాళ్ళు అలిసి నెమ్మదించినప్పుడు చుట్టూ ఉన్న గుంపులోంచి మనుషులు వెళ్ళి చివర తగులుకుంటున్నారు. నాకు పిచ్చెత్తినంత పనైంది. డప్పుల వాళ్ళ దగ్గరికి పరిగెత్తి, బాబ్బాబు కాస్త నెమ్మదిగా, ఇంకొంచెం జోరుగా, అబ్బే అంత కాదు, అదుగో అక్కడే ఉంచండి అని చేతులూపుతూ నిలబడ్డాను. ఒక జోరు దగ్గర, ఊడేవాళ్ళెంతమందో తగులుకునేవాళ్ళూ అంతమందే అయ్యారు. వరస పెరగదు, తరగదు. అదే, అదే అని నేను చప్పట్లు కొడుతూ గెంతుతుంటే పక్కింటి అక్క మేనత్త చెవిలో, "టీచరమ్మకి కల్లు ఎక్కీసినాది, మజ్జిగ తాగించండి" అంది. నేను కల్లు ముట్టనే లేదు. అయినా మజ్జిగ తాగాక గానీ జీపు ఎక్కనివ్వలేదు.

ఇంటికొచ్చి లెక్క తిరగరాశాను. తెర మీద వరసలో ఉన్న అణువులకి నీలం రంగు, చెదిరినవాటికి ఎరుపు రంగు పెట్టాను. ఒక్కో వేడి దగ్గర రోజులకి రోజులు నడపాలి, నీలం ఎరుపుని మింగుతుందా, ఎరుపు నీలాన్ని మింగుతుందా చూడాలి. కరెంటు పోయినప్పుడల్లా దాచుకున్న చోటునుంచి మళ్ళీ ఎత్తుకోవాలి. నేను కాలేజీలో ఉన్నంతసేపు కాపలా మేనత్తదే. నూనె సీసాలకి సెలవిచ్చేసింది, రగ్గు మడిచి ట్రంకు పెట్టెలో పెట్టింది, ఈసారి ఎవరినీ తెర దరిదాపులకి రానివ్వలేదు. సాయంత్రం నేను గుమ్మంలో అడుగు పెట్టకుండానే, "ఇయాల గట్టోళ్ళదే పైసెయ్యి" అనో, "నీళ్ళోళ్ళు మీదడిపోనారే" అనో సమాచారం అందేది. ఆవిడది ఘనం పక్షం. సత్తు గిన్నెలున్న మనిషి కదా. ఎరుపు ముందుకొచ్చిన రోజున అన్నం సరిగ్గా తినేది కాదు.

కొండ మీద మామిడిపూత రాలి పిందెలు దిగే రోజుల్లో ఒక సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆవిడ దిగాలుగా కూర్చుని ఉంది. ఏమైందంటే, మూడు రోజులై చూస్తున్నాను, గీత ఎక్కడుందో అక్కడే ఉంది, ఎవుల్దీ గెలుపు కాదు, ఇన్నాళ్ళ కాపలా వృథా అయిపోనాది అంది. తెర మీద చూశాను. నీలానికీ ఎరుపుకీ మధ్య అంచు అటు రెండు వరసలు, ఇటు రెండు వరసలు ఊగుతోంది తప్ప జరగడం లేదు. వేడి ఎంతో చూశాను. పుస్తకంలో అంకెకి చెయ్యి చాపితే అందేంత దగ్గర. మేనత్తని వాటేసుకుని ఏడ్చేశాను. ఓడిపోనందుకు ఏడుపెందుకో అర్థం కాక ఆవిడా ఏడ్చింది. గెలుపు అంటే ఇదే అత్తా, ఇద్దరూ గెలవకపోవడమే అని చెప్పాక, కళ్ళు తుడుచుకుని లేచి వెళ్ళి వీధి తుమ్మేలా పోపు పెట్టింది.

గైడుగారి రిటైర్మెంటుకి ముందే నా వైవా జరిగింది. బయటి నుంచి పరీక్షకులుగా వచ్చిన ప్రొఫెసరుగారికీ మా గైడుగారికీ పాత వైరం ఏదో ఉంది, ఇద్దరూ నన్ను మధ్యవర్తిని చేసి మాట్లాడుకుంటున్నారు. ఘనాన్నీ ద్రవాన్నీ ఎదురెదురుగా పెట్టే ఈ పద్ధతి పైదేశాల్లో ఇదివరకే కొందరు వాడారని, అది చదవకుండా నాకెలా తట్టిందని ఆయన అడిగారు. నేను నీళ్ళు నములుతున్నాను. వెనక బెంచీలో పులిహోర గిన్నెతో కూర్చున్న మేనత్త ఆగలేకపోయింది. "సెప్పవే, సిగ్గేటి! నా నడుం పట్టీసింది కదా, అది సెప్పు!" అంది. హాలంతా వెనక్కి తిరిగింది. ఇక దాచి లాభం లేక చెప్పాను. పరీక్షకులు కళ్ళద్దాలు తీసి, చేసి చూపిస్తే గానీ ఒప్పుకోనన్నారు. హాస్యానికే అని ఉంటారు. మా మేనత్తకి హాస్యానికీ నిజానికీ తేడా ఉంటేనా? గిన్నె పక్కన పెట్టి వచ్చి, రిసెర్చి విద్యార్థుల్ని లేపి, పరీక్షకుల్ని లేపి, టైతో సహా మా గైడుగారిని లేపి, అందరినీ నడుములు పట్టించి వలయం కట్టేసింది. ఎన్నో ఏళ్ళుగా పలకరించుకోని ఇద్దరు ప్రొఫెసర్లు ఒకరి నడుము ఒకరు పట్టుకుని గుండ్రంగా తిరిగారు. ఇప్పుడు బైటికి రండి సూద్దాం అంది మేనత్త. రాలేకపోయారు. డాక్టరేటు ఇచ్చారు.

ఉద్యోగం నిలిచింది. మేనత్త మళ్ళీ కత్తిపీట ముందుకి వెళ్ళలేదు. నాకు పెళ్ళయ్యాక కూడా నా వంటింట్లో స్టవ్వు ఆవిడదే, తరగడం నాది. థింసా ఎక్కడ జరిగినా వెళ్ళేది, ఎప్పుడూ వరసలో చిట్టచివరే నిలబడేది, ఎప్పుడు కావాలంటే అప్పుడు ఊడిపోవచ్చని. ఊడేది మాత్రం కాదు, ఆట అయ్యేదాకా ఉండేది. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పటికీ ఎండుమిరపకాయల ఘాటుకి తుమ్ము వస్తే కళ్ళల్లో వచ్చే నీళ్ళు అన్నీ ఘాటువి కావు.

మా మేనకోడలి మీటింగు అయ్యాక, ఆ పాత లెక్క దాని ల్యాప్‌టాపులో చేయించి చూశాను. నా దగ్గరున్నవాటికి ఎన్నో రెట్లు అణువులు పెట్టింది, మేం కాఫీ తాగేలోపు అంచు కుదురుకుంది. చూస్తూ పక్షం కట్టడానికి కూడా వ్యవధి లేదు. సాయంత్రం మేం దిగిన గెస్టుహౌసు వాళ్ళు థింసా పెట్టించారు. సిమెంటు అరుగు మీద పిల్లలు చక్కగా ఆడుతున్నారు, అది వాళ్ళ జీవనం కూడా, మంచిదే. కానీ పాట స్పీకరులోంచి వస్తోంది, మొదటినుంచి చివరిదాకా ఒకటే జోరు. ఇవతల కుర్చీల్లో మేమందరం ఫోన్లు పైకెత్తి కూర్చున్నాం. అటునుంచి ఒక్కరు ఊడిపోరు, ఇటునుంచి ఒక్కరు వెళ్ళి తగులుకోరు. నడుమ అంచైతే ఉంది గానీ, దాన్ని దాటేవాళ్ళే లేరు.

నాకు మోకాళ్ళ నొప్పులు. అయినా లేచాను. మేనకోడలు అత్తా అత్తా అంటూనే ఉంది, నేను అరుగెక్కి వరస చివరికి వెళ్ళాను. చివరి పిల్ల నన్ను చూసి ఆశ్చర్యపోయి, నవ్వి, "రా అమ్మా, బేగి పట్టుకో" అని నా నడుము చుట్టూ చెయ్యి వేసింది. నాలుగు అడుగులు వేశాను, తప్పుడు అడుగులే. కుడి చెయ్యి ఆ పిల్ల నడుము మీద ఉంది, ఎడమ చెయ్యి ఖాళీగా ఉంది. దాన్ని మడుచుకోవడానికి మనసొప్పలేదు. మా మేనకోడలు ఫోను కింద పెట్టి లేస్తుందేమోనని, ఆట అయ్యేదాకా ఆ చెయ్యి కుర్చీల వైపు చాపే ఉంచాను.